డీజిల్ ముల్లు కదల్లేదు

ఆ వ్యాన్ మా షెడ్డుకు మొదటిసారి వచ్చిన రోజు, దాని డ్రైవర్ దిగి, నన్ను దాటి లోపలికి తొంగిచూసి, "మేస్త్రీ యాడమ్మా?" అని అడిగాడు.

"నేనే," అన్నాను.

"అది కాదుమా. వైరింగ్ పని చేసే మేస్త్రీ."

"వైరింగ్ పని చేసే మేస్త్రీనే అబ్బయా. ఏంది వ్యాన్‌కి?"

పక్క షెడ్డులో ఇంజన్ పని చేసే పెద్ద మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ అక్కడి నుంచే అరిచాడు. "ఆమెకి చూపించకపోతే నెల్లూరు దాకా పో నాయనా. ఆడ మొగోళ్ళు ఉండారు. పని రాదు గానీ, మొగోళ్ళే!"

డ్రైవర్ నవ్వేశాడు. నాకంటే అయిదారేళ్ళు చిన్నవాడు. ఆ నవ్వుతో నేను అతనికి అమ్మ నుంచి అక్కనైపోయాను.

అప్పటికి నాకు నలభై దాటాయి. ఆత్మకూరులో బస్ డిపోకు పోయే దారిలో మా నాయన పెట్టిన షెడ్డు అది. నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు కాలు బాగాలేక ఇంట్లోనే ఉండిపోతే, అమ్మ ఆదివారాలు గుడిలో పాడే పాటల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. నాయన పాడైపోయిన డైనమోలు ముందు పెట్టి కరెంటు నేర్పాడు. ఆయనకు చూపు మందగించాక ఆయన చెబుతుంటే నేను చేశాను. ఆయన పోయాక ఒక్కదాన్నే చేశాను. ఈ రెండు చదువులూ ఇచ్చినందుకు దేవునికి రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. చెప్పుకుంటూ పోతూ ఒక చోట ఆగిపోతాను. ఇప్పుడు రాస్తున్నది ఆ చోటు గురించే.

మీరు కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు. బండికి ఒక తీగ తగిలిస్తే ఎక్కడ తప్పుందో తెర మీద కనబడే కాలం మీది. తొంభైల్లో మాకున్నవి బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ ల్యాంపు, ఒక మీటరు, చెవులు. అంతకుముందటి జీపుల్లో డాష్‌బోర్డు అంటే రేకులో బిగించిన చచ్చిన గడియారాలు. డ్రైవర్లు వాటి వంక చూసేవారు కాదు. ఇంజన్ వేడెక్కితే ముక్కుతో కనిపెట్టేవారు. తరవాత వచ్చిన బళ్ళు వేరు. డాష్‌బోర్డు వెనక పచ్చటి పలక ఒకటి, దాని మీద వెంట్రుకల్లా రాగి గీతలు. ముళ్ళు, దీపాలు అన్నీ ఆ బోర్డు చెప్పినట్టే ఆడతాయి. మా ప్రాంతానికి అలాంటి బళ్ళు వచ్చింది ఆ దశాబ్దం చివర్లో. వాటిలో ఇదొకటి.

ఉదయగిరి దగ్గర ఒక చిన్న ఆసుపత్రికి ఎవరో దయగలవాళ్ళు ఆ వ్యాన్ కొనిచ్చారు. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు చేర్చడానికి ఆ ఆసుపత్రికి ఉన్న బండి అదొక్కటే. అది ఆగితే లారీయో, ట్రాక్టరో, దేవుడో.

జబ్బు ఏమిటంటే, పోతూ పోతూ ఉండగా ఇంజన్ వేడి చూపించే ముల్లు ఉన్నట్టుండి ఎర్రగీత మీదికి ఎగిరేది. ఆపి బానెట్ ఎత్తితే ఇంజన్ మామూలుగా ఉండేది. మళ్ళీ కదిలిస్తే ముల్లు బుద్ధిగా కిందికి దిగేది.

"దయ్యం పట్టినట్టుండాదక్కా," అన్నాడు డ్రైవర్.

"దయ్యాలకి బ్యాటరీ కరెంటు పనికిరాదులే."

"నవ్వబాకక్కా. పేషంట్ని పెట్టుకోని నడిరోడ్డులో ఆపాల్సొస్తా ఉండాది. లోపల సిస్టరమ్మ అరస్తాది. బయట నేను బానెట్ ఎత్తి దిక్కులు చూస్తా నిలబడతా."

మా దగ్గర ఏ బండికి ఏ రోగం వచ్చినా మొదట అనుమానించేది ఎర్త్‌నే. బోర్డు నుంచి బండి ఇనుముకు పోయే తీగ అది. స్క్రూ దగ్గర తుప్పు పడితే కరెంటు తిరిగిపోయే దారి లేక పిచ్చి వేషాలు వేస్తుంది. ఆ స్క్రూ విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి పంపాను. వారానికి మళ్ళీ వచ్చాడు. ఇంజన్ దగ్గరి తీగ మార్చాను. మళ్ళీ వచ్చాడు. పెద్ద మేస్త్రీ, "వ్యాన్ ఈడనే కట్టేసుకో, పాలిస్తాది," అన్నాడు.

మూడోసారి నేనే వ్యాన్ ఎక్కి డ్రైవర్ పక్కన కూర్చున్నాను. చేజర్ల దారిన గతుకుల్లో తిప్పమన్నాను. ఒక కుదుపుకు వేడి ముల్లు లేచింది. నేను చూసింది దాన్ని కాదు, దాని పక్కదాన్ని. డీజిల్ ముల్లు కూడా సగం నుంచి నిండు దాకా ఎగిరింది.

"అబ్బయా, డీజిల్ ముల్లు కూడా ఇట్టనే లేస్తా ఉండిందా?"

"దాన్నెవురు చూస్తారక్కా! ట్యాంకు నిండా ఉండాదంటే సంతోషమే గదా."

అప్పుడు జబ్బు దొరికింది. ఆ రెండు ముళ్ళకూ బోర్డులో ఒకే చోటి నుంచి, కొలిచిపోసినట్టు కరెంటు అందుతుంది. ఆ కొలిచే భాగానికి ఎర్త్ తెగితే కొలత పోయి, రెండు ముళ్ళూ కలిసి పైకి లేస్తాయి. ఇంజన్ నిజంగా కాగితే వేడి ముల్లు ఒక్కటే లేస్తుంది. ఇంజన్ కాగినంత మాత్రాన ట్యాంకులో డీజిల్ పెరగదు కదా. రెండూ లేస్తే అబద్ధం, ఒకటే లేస్తే నిజం. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి.

బోర్డు విప్పి నాయన భూతద్దం కింద పెట్టాను. ఎర్త్ కాలును బోర్డుకు అతికించిన సోల్డర్‌లో వెంట్రుక మందం చీలిక. దాన్ని చూసినప్పుడు కలిగిన సంతోషం మీకు చెప్పక్కర్లేదు, ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుని, పాత సోల్డర్ తీసి కొత్తది పోశాను. నిలబడుతుందనే అనుకున్నాను. కానీ ఒకసారి చీలిన చోటు మళ్ళీ చీలదని ఎవరు చెప్పగలరు? కొత్త బోర్డు మద్రాసు నుంచి రావాలి. నెల పడుతుందన్నారు.

నాయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. డ్రైవర్‌కు ఒక్క మాటే చెప్పాలి. "రెండు చెప్తే రెండూ మర్చిపోతారు, ఒకటి చెప్తే అదన్నా గుర్తుంటాది," అనేవాడు. బ్యాటరీ గురించి చెప్పేటప్పుడు దీపం గురించి చెప్పకూడదు. ఆ పద్ధతి ఎన్ని బళ్ళనో కాపాడింది. నాకది వేదవాక్కు.

వ్యాన్ అప్పగిస్తూ డ్రైవర్‌కు ఒక్క మాట చెప్పాను.

"కొత్త బోర్డు వచ్చే దాకా ముల్లు లేస్తే అబద్ధమే అనుకో. పట్టించుకోబాక. పేషంటుంటే అసలే ఆపబాక."

"అంతేనా అక్కా?"

"అంతే."

అతను నిజంగానే అంతేనా అని అడిగాడు. నేను అంతే అన్నాను.

ఎండలు ముదిరిన ఒక రోజు, కొత్త బోర్డు ఇంకా రాకముందే, అన్నం తిని వచ్చి నేను ఇంకా పని మొదలుపెట్టలేదు. డ్రైవర్ నడుచుకుంటూ వచ్చాడు. చెప్పులు లేవు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వచ్చి షెడ్డు ముందర పాత టైరు మీద కూర్చున్నాడు.

"పోయినాడక్కా," అన్నాడు.

ఎవరని అడిగితే కొంచెం కొంచెంగా చెప్పాడు. గొర్రెలు కాసుకునే మనిషి. వయసులోవాడు. తెల్లవారుజామున పాము కరిచింది. ఆసుపత్రికి తెచ్చేసరికి ఊపిరి తీసుకోలేకపోతున్నాడు. ఊపిరి ఆడించే మిషను నెల్లూరులోనే ఉందని డాక్టర్ వ్యాన్ ఎక్కించాడు. సిస్టరమ్మ చేత్తో రబ్బరు సంచి నొక్కుతూ గాలి పంపుతోంది. అతని భార్య కాళ్ళు పట్టుకుని కూర్చుంది. సగం దారి కూడా రాకముందే ఇంజన్ కాగి, పట్టేసి, ఆగిపోయింది. ఎంతసేపటికో ఒక కంకర లారీ ఆగింది. దానిలో ఎక్కించారు. సిస్టరమ్మ చేతులు వాచిపోయినా సంచి వదల్లేదు. ఆత్మకూరు ఆసుపత్రిలో దించేసరికి అతను లేడు.

"ముల్లు లేచిందక్కా," అన్నాడు డ్రైవర్. "ఎర్రగీత దాటింది. సిస్టరమ్మ కూడా చూసి ఏందది అనింది. నేనే చెప్పినా. అది ఉత్తదే సిస్టరమ్మా, మా అక్క చూసింది, మీరు సంచి నొక్కండి అని చెప్పినా. వాసన కూడా వచ్చింది. మందుల వాసనలే అనుకున్నా."

ఒక మనిషి చచ్చిపోయాడు. నా ఎదుట ఇంకో మనిషి వణుకుతూ కూర్చున్నాడు. అతనికి నీళ్ళు ఇవ్వాలని కూడా నాకు తోచలేదు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది:

"డీజిల్ ముల్లు?"

"ఆఁ?"

"డీజిల్ ముల్లు కూడా లేచిందా?"

అతను గుర్తు చేసుకున్నాడు. "లేదక్కా. అది ఉన్న కాడనే ఉండాది. కదల్లా. ఎందుకక్కా?"

"ఊరికే," అన్నాను.

సాయంత్రం వ్యాన్‌ను ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. పెద్ద మేస్త్రీ బానెట్ ఎత్తి చూశాడు. రేడియేటర్ పైపు వేలెడు మేర చీలిపోయింది. నీళ్ళన్నీ కారిపోయాయి.

"ట్యూబు ముక్క నాలుగు చుట్లు చుట్టి, నీళ్ళు పోసుంటే నెల్లూరు చేరేది," అన్నాడు. "పది నిమిషాల పని. వ్యాన్లోనే క్యాను ఉండాది చూడు, నిండా నీళ్ళతో. వీడు ముల్లు చూసుకోలేదా?"

పెద్ద మేస్త్రీ ఇంటికి పోయాక నేను ఒక్కదాన్నే డాష్‌బోర్డు విప్పాను. నా సోల్డర్ చెక్కుచెదరలేదు. బ్యాటరీ పెట్టి, బోర్డును తట్టాను, వంచాను, కుదిపాను. ముళ్ళు ఉన్న చోటే ఉన్నాయి. నేను బాగుచేసింది బాగానే ఉంది. అప్పగించిన రోజు నుంచి ఆ ముల్లు నిజమే చెబుతోంది. అది అబద్ధమాడుతుందని చెప్పింది నేను.

పది రోజుల తరవాత ఆసుపత్రి కమిటీ పిలిస్తే ఉదయగిరికి బస్సులో పోయాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబెట్టుకున్నాను. తప్పు నాది, సగమే చెప్పాను, మిగతా సగం చెప్పి ఉంటే అతను ఆపేవాడు. మూడే ముక్కలు. అమ్మ పాటలు బట్టీ పట్టించినట్టు వాటిని బట్టీ పట్టాను. ఉదయగిరి కొండ కనిపించినప్పుడు కూడా అవి నాకు వచ్చు.

గదిలో కమిటీవాళ్ళు నలుగురు ఉన్నారు, డ్రైవర్ ఒక పక్కన నిలబడి ఉన్నాడు. ముందు ప్రార్థన చేశారు. అందులో పెద్దాయన, ఉద్యోగం చాలించిన ఉపాధ్యాయుడు, డ్రైవర్‌ను అడిగాడు.

"వేడి చూపిస్తా ఉంటే బండి ఎందుకు ఆపలేదయ్యా?"

"ముల్లు లేస్తే అబద్ధమే, పట్టించుకోబాక అని అక్క చెప్పింది సార్."

నలుగురూ నా వైపు తిరిగారు. పెద్దాయన గొంతు మెత్తబడింది. "అమ్మా, మీరు దేవుడికి భయపడే మనిషని ఈడ అందరికీ తెలుసు. మీ నాయనగారు కూడా అంతే. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

ఆయన నన్ను మెచ్చుకోకుండా, గద్దించి ఉంటే నేను నిజం చెప్పేదాన్నేమో. అలా అనుకోవడం కూడా నాకు నేను చెప్పుకునే సాకే.

"రెండు ముళ్ళూ కలిసి లేస్తే అబద్ధమని చెప్పినా సార్," అన్నాను. "వేడి ముల్లు ఒకటే లేస్తే ఆపమనే చెప్పినా."

డ్రైవర్ తల తిప్పి నన్ను చూశాడు. కోపం కాదు. తప్పిపోయిన వస్తువు కోసం ఇల్లంతా వెతుకుతున్నవాడి చూపు. అతను తన మనసులో వెతుకుతున్నాడు. ఎంతసేపు వెతికాడో. ఆ సమయమంతా నిజం చెప్పమని నాకు ఇవ్వబడింది, నేను తీసుకోలేదు.

చివరికి అతను పెద్దాయనతో అన్నాడు. "నాకు గుర్తు లేదు సార్. చెప్పే ఉంటాది. అక్క అబద్ధం చెప్పదు."

అతన్ని ఆ రోజే పనిలో నుంచి తీసేశారు. నాకు టీ ఇచ్చి, శ్రమ తీసుకుని వచ్చినందుకు వందనాలు చెప్పి, బస్సు దాకా మనిషిని తోడిచ్చి పంపారు.

మర్నాడు పెద్ద మేస్త్రీ, కమిటీ సంగతి విని, మా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. "నిజంగా ఆ రెండో మాట చెప్పినావా మే వాడికి?"

"చెప్పినా," అన్నాను, తల ఎత్తకుండా.

"సరే," అన్నాడు. తరవాత ఆయన నాతో పని మాటలే మాట్లాడాడు, ఎకసెక్కాలు మానేశాడు.

ఇంజన్ పట్టేసిన డ్రైవర్ అనే మాట ఆ రోడ్డు మీద ఎంత దూరం పోతుందో మీకు తెలియదు. అతనికి మళ్ళీ ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. చేజర్ల అవతల తన ఊరికి పోయి కూలిపని చేసుకుంటున్నాడని విన్నాను. వ్యాన్ లేని ఆసుపత్రి కూడా ఎక్కువ రోజులు నడవలేదు. డాక్టర్ వెళ్ళిపోయాడు, తలుపులు మూశారు. పెద్దాయన కాలం చేశాడు. నేను ఎవరికి నిజం చెప్పాలో వాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతూ వచ్చారు. గొర్రెల కాపరి భార్య ఏ ఊరిదో కనుక్కోవడం కష్టం కాదు. నేను కనుక్కోలేదు.

పని మాత్రం మానలేదు. ఎందరికో బళ్ళు బాగుచేశాను. ప్రతి డ్రైవర్‌కూ రెండు మాటలు, మూడు మాటలు చెప్పేదాన్ని, తిరిగి చెప్పించుకునేదాన్ని. "ఏందమ్మా, పరీక్ష పెడతా ఉండావా?" అని విసుక్కునేవారు. ఇకముందు జరగకుండా చూసుకోవడం మంచిదే. జరిగినదానికి అది జవాబు కాదు. గుడిలో అందరితో పాటు కృతజ్ఞతలు చెప్పేదాన్ని. క్షమించమని అడగడానికి నోరు వచ్చేది కాదు. ముందు అడగాల్సిన మనిషి చేజర్ల అవతల ఉన్నాడు.

ఏడాదిన్నర పట్టింది నాకు అక్కడికి పోవడానికి.

అతను మడికట్టు మీద మట్టి వేస్తున్నాడు. నన్ను చూసి పార అక్కడే పడేసి పరుగున వచ్చాడు. "అక్కా! ఎండన పడి వచ్చినావేంది? కబురు చేస్తే నేనే వచ్చేవోణ్ణి గదా!" ఇంటికి తీసుకుపోయాడు. భార్యను పిలిచి మజ్జిగ తెమ్మన్నాడు. సన్నబడ్డాడు. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, ఆలస్యం చేస్తే మళ్ళీ చెప్పలేనని వెంటనే చెప్పేశాను.

"అబ్బయా, ఆ రోజు కమిటీలో నేను చెప్పింది అబద్ధం. ఆ రెండో మాట నీకు నేను చెప్పలేదు."

అతను నా ముఖం చూసి చిన్నగా నవ్వాడు. "చెప్పినావక్కా."

"చెప్పలేదు రా."

"చెప్పినావు. మొదట్లో గుర్తు రాలేదు గానీ, ఇప్పుడు నాకు బాగా గుర్తుండాది. షెడ్డు ముందర నిలబడి, రెండు వేళ్ళు ఇట్టా చూపించినావు. రెండూ లేస్తే ఉత్తది, ఒకటే లేస్తే ఆపెయ్ అన్నావు. నేనే వినిపించుకోలా. బండి ఎప్పుడిస్తావా అని నా ధ్యాసంతా దాని మీదనే ఉండె."

అతను రెండు వేళ్ళు ఎత్తి చూపిస్తున్నాడు. నేను ఎన్నడూ చూపించని వేళ్ళు. ఒక్క అబద్ధం చెప్పి వచ్చాను. అతను ఏడాదిన్నర దాని ముందు కూర్చుని, దానికి కాళ్ళూ చేతులూ పెట్టి, నిజం చేసి, ఆ చావును తన తలకెత్తుకున్నాడు.

"దినామూ అదే అనుకుంటా ఉంటాడు వదినా," అంది అతని భార్య తడిక పక్క నుంచి. "అక్క చెప్పింది, నేను వినలేదు, నా వల్లనే ఆ మనిషి పోయినాడు అని. నిద్రలో కూడా అదే."

"కాదమ్మా, నా మాట విను. దేవుని తోడు, నేను..."

అతను చటుక్కున నా చేతులు పట్టుకున్నాడు. "వద్దక్కా! దేవుడి మీద ఒట్టెయ్యబాక. నా బాధ చూళ్ళేక నీ మీద వేసుకుంటా ఉండావు. నాకు తెలీదా? నా కోసరం నువ్వు పాపం మూటగట్టుకోబాక."

ఇంకా చెప్పాను. చాలాసార్లు చెప్పాను. చెప్పినకొద్దీ అతని కళ్ళలో నా మీద భక్తి పెరిగింది. "చూస్తివా?" అన్నాడు భార్యతో. "ఇంత దూరం వచ్చింది నన్ను ఓదార్చను. ఇట్టాంటి మనిషి యాడన్నా ఉంటాదా?" ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మజ్జిగ తాగకపోతే బాధపడతారని తాగాను.

రోడ్డు దాకా తోడు వచ్చాడు. ఆ దారిలో మళ్ళీ మొదలుపెట్టబోతే, "పోనీలే అక్కా, అయిపోయింది గదా," అన్నాడు, పిల్లను సముదాయించినట్టు. బస్సు నిండా జనం. అతను మెట్టెక్కి కండక్టర్‌ను పిలిచాడు.

"అన్నా, మా అక్కకి సీటు చూడు. కాలు బాగలేదు. ఆత్మకూరులో జాగ్రత్తగా దించు. శానా మంచి మనిషి."

కండక్టర్ లేచి తన సీటు ఇచ్చాడు. నేను కూర్చున్నాను.